కారు నిలిపే చోట సిమెంటా, తారా?

పెట్రోలు బంకులోకి బండి తిప్పినప్పుడు ఒకసారి కింద చూడండి. అప్పటిదాకా మీరు వచ్చిన రోడ్డు తారుది. బంకులో అడుగుపెట్టగానే సిమెంటు కాంక్రీటో, పేవర్ బ్లాకులో తగులుతాయి. టోల్‌గేటు దగ్గర కూడా సాధారణంగా ఇదే వరస. ముందూ వెనకా తారు, బండ్లు ఆగి డబ్బు కట్టే ఆ కాస్త మేర మాత్రం కాంక్రీటు. కదిలే బండి బరువు ఒక రకంగా పనిచేస్తుంది, నిలబడ్డ బండి బరువు ఇంకో రకంగా. ఆగిన చోట బొట్టు బొట్టుగా కారే డీజిలు, ఇంజనాయిలు సంగతి మళ్లీ వేరు. ఇంటి ముందు కారు పెట్టుకునే జాగాకు, అపార్ట్‌మెంటు పార్కింగుకు, షాపు ముందు సరుకు దించుకునే చోటుకు ఏం పరవాలన్న ప్రశ్నకు సగం జవాబు ఆ బంకు నేలలోనే ఉంది.

విజయవాడ వన్ టౌన్‌లో ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లకు వచ్చింది. ఇస్లాంపేట, బ్రాహ్మణ వీధి, వించిపేట, కొత్తపేట... కార్లు లేని రోజుల్లో పుట్టిన వీధులివి. రిక్షా, ఎద్దుబండి, తోపుడు బండి తిరిగేంత వెడల్పు వదిలి, వీధి అంచున అరుగులు వేసుకుని కట్టుకున్న ఇళ్లు. పాత పెంకుటిల్లు తీసేసి కింద స్టిల్టు వదిలి పైకి మూడంతస్తులు లేపుతున్నారు. ఆ స్టిల్టు కింద, దాని ముందున్న పదీ పన్నెండు అడుగుల జాగాలో ఒక కారు, రెండు మూడు స్కూటర్లు పట్టాలి. ఇంటికి లక్షలు పోసినవాళ్లు ఆ జాగా దగ్గరికి వచ్చేసరికి మిగిలిన సిమెంటు, మిగిలిన ఇసుక, మిగిలిన ఓపికతో పని కానిచ్చేస్తారు. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి అది ఒక మూల కుంగుతుంది, నడుమ పగులుతుంది, గేటు దగ్గర నీళ్లు నిలుస్తాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. సిమెంటా తారా అన్నది మూడో ప్రశ్న. కింద ఏ మట్టి ఉందన్నది మొదటిది, వాన నీళ్లు ఎటు పోతాయన్నది రెండోది. ఈ రెండూ తేల్చుకోకపోతే పైన ఎంత ఖరీదైనది పరిచినా డబ్బు మట్టిపాలే. అయినా అందరూ మొదట అడిగేది మూడో ప్రశ్నే కాబట్టి, తారుతోనే మొదలుపెడదాం.

తారు రోడ్డు అని పిలుస్తాం గానీ అందులో తారు పాలు చాలా తక్కువ. బరువులో నూటికి తొంభై అయిదు వంతుల దాకా కంకరా, రాతిపొడీ ఉంటాయి. వాటిని అంటిపెట్టుకుని ఉంచే ఆ అయిదు వంతులే తారు, ఇంజనీర్లు బిట్యుమిన్ అంటారు. ముడిచమురును శుద్ధి చేయగా పెట్రోలు, డీజిలు పోను అడుగున మిగిలేది ఇదే. మన విశాఖ రిఫైనరీలోనూ తయారవుతుంది. దీని గుణం ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. సిమెంటులా ఇది ఒకసారి గట్టిపడి అలా ఉండిపోయే సరుకు కాదు. వేడికి మెత్తబడుతుంది, చల్లబడితే బిగుస్తుంది, ఎన్నేళ్లయినా అంతే. అందుకే దీన్ని గ్రేడులుగా అమ్ముతారు. మన దేశంలో ఎక్కువగా వాడే వీజీ 30 రకం చిక్కదనాన్ని 60 డిగ్రీల దగ్గర కొలుస్తారు, ఎండాకాలం నల్లటి రోడ్డు పైపొర దాదాపు అంత వేడెక్కుతుంది కాబట్టి. అదే తారు మెత్తబడే స్థాయి 47 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలన్నది నియమం. మే నెలలో విజయవాడలో గాలి వేడే 44, 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. ఇక ఎండలో మాడే నల్లటి నేల సంగతి వేరే చెప్పాలా?

ఆ ఎండలో తారు మీద స్కూటరుకు సైడ్ స్టాండు వేసి గంట తర్వాత రండి. స్టాండు దిగినచోట గుంట పడి ఉంటుంది. బండి బరువులో కొంత భాగం అణా కాసంత మేర మీద పడి, అక్కడే గంటసేపు నిలిచింది. కదిలిపోయే లారీ చక్రం ఒక చోట ఉండేది రెప్పపాటు. ఆ రెప్పపాటులో తారు కొద్దిగా వంగి మళ్లీ లేస్తుంది. నిలబడ్డ చక్రం కింద మాత్రం మెల్లగా జరుగుతూ పోతుంది, జరిగింది వెనక్కి రాదు. కారు రోజూ ఒకేచోట, ఒకే గీత మీద పెట్టే ఇంట్లో రెండు వేసవులు గడిస్తే నాలుగు చక్రాల కిందా పళ్లేల్లాంటి గుంటలు తయారవుతాయి. దానికి తోడు పెట్రోలు, డీజిలు తారును కరిగిస్తాయి, అదీ ఇదీ ఒకే తల్లి బిడ్డలు గనక. కారిన ఆయిలు కాంక్రీటు మీద మరకగా మిగులుతుంది, తారు మీదైతే కంకరను పట్టిన బంకనే వదులు చేస్తుంది.

ఇంటి వాకిట్లో తారు వద్దనడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. అది లెక్కల్లో ఉంది. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున్న జాగా తీసుకోండి, 240 చదరపు అడుగులు. రెండంగుళాల మందాన తారు కాంక్రీటు పరవాలంటే కావాల్సింది రెండున్నర టన్నుల పైచిలుకు మాత్రమే. హాట్ మిక్స్ ప్లాంటు నుంచి బయల్దేరే టిప్పరు పది టన్నులకు పైగా మోస్తుంది. ఆ మిశ్రమం ప్లాంటులో 150 డిగ్రీల పైన ఉంటుంది. పరిచి రోలరు తిప్పడం పూర్తయ్యేలోగా 90 డిగ్రీల కిందికి జారిపోకూడదు. అంతకన్నా చల్లబడితే ఎన్నిసార్లు తొక్కించినా లోపలి గాలి సందులు మూసుకోవు. చిన్న కుప్ప త్వరగా చల్లారిపోతుంది. పైగా బ్రాహ్మణ వీధి సందుల్లోకి ఎనిమిది పది టన్నుల రోలరు ఎలా వస్తుంది? వచ్చినా గోడవార ఎలా తిరుగుతుంది?

అందుకని ఏం చేస్తారంటే, రోడ్డు పక్కన డ్రమ్ములో తారు కాచి, చిప్స్ కలిపి, పారలతో సర్ది, చేతి రోలరుతో నాలుగు తిప్పులు తిప్పుతారు. అది గుంతలు పూడ్చుకునే పద్ధతి. దాన్నే వాకిలికి వాడితే మొదటి వానాకాలంలోనే చిప్స్ లేచి చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తాయి. తారుకీ నీళ్లకీ పడదు. కంకరకూ తారుకూ నడుమ నీళ్లు చేరితే పట్టు వదిలేస్తుంది, వానాకాలం పోగానే మన రోడ్ల మీద కనిపించే గుంతల్లో చాలావాటి పుట్టుక ఇదే.

అలాగని తారును తీసిపారేయడం అన్యాయం. పెద్ద జాగాల్లో దానికి దీటు లేదు. ఫంక్షన్ హాలు ఎదుట ఎకరం మేర, హోల్‌సేల్ మార్కెట్టు ఆవరణలో లారీలు తిరిగే దారి, ఫ్యాక్టరీ లోపలి రోడ్డు, ఇలాంటి చోట ప్లాంటు నుంచి టిప్పర్లు వరసగా వస్తాయి, పేవరు మిషను సమంగా పరుస్తుంది, ఆ సాయంత్రానికే బండ్లు తిరగొచ్చు. కింద మట్టి కాస్త సర్దుకున్నా పగలకుండా దానితోపాటు వంగుతుంది. చెడినంత మేర కోసి మళ్లీ వేసుకోవచ్చు. వన్ టౌన్ టోకు వ్యాపారులు కొందరు తరలివెళ్లిన గొల్లపూడి లాంటి చోట నన్నడిగితే తిరిగే దారికి తారు, సరుకు దించే వరసకు కాంక్రీటు అంటాను. సరుకు దించే చోట లారీ గంటలకొద్దీ నిలుస్తుంది, అక్కడే వెనక చక్రాలు మెలితిరుగుతాయి.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు అక్కడ ఇళ్ల ముందు తారు డ్రైవ్‌వేలు చూసి వచ్చి, ఇక్కడా అలా వేయిద్దామంటుంటారు. న్యూజెర్సీ ఎడిసన్ వైపు అవి ఎక్కువే. అక్కడ చలికాలంలో నేలలో నీరు గడ్డకట్టి ఉబ్బి, కరిగి దిగుతూ ఉంటుంది. వంగే గుణమున్న తారు దానికి ఓర్చుకుంటుంది. ఇళ్లకు చిన్న మోతాదులో తారు వేయడమే వృత్తిగా ఉన్నవాళ్లు చిన్న యంత్రాలతో అక్కడ ఊరూరా ఉంటారు. అదే తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో ఊళ్లకు వెళ్తే ఇళ్ల ముందు కాంక్రీటే. ఎండ మనలాంటిది. మట్టి కూడా మనలాంటిదే. డల్లాస్ చుట్టూ ఉన్న ఆ మైదానం నల్లరేగడి జాతి నేల. వేసవిలో అది కుంచించుకుపోయి ఇళ్ల పునాదులు కదలకుండా చూసుకోవడానికి అక్కడివాళ్లు గోడల చుట్టూ పైపులు వేసి నేలకు నీళ్లు పెడుతుంటారు.

మట్టి దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. కంకిపాడు దాటి గుడివాడ వైపు వెళ్తే రెండుపక్కలా రేగడి భూములు. వేసవిలో పొలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతాయి, తొలకరి పడగానే ఉబ్బి మూసుకుపోతాయి. ఆ మట్టిలోని సన్నటి బంక రేణువులు పొరల మధ్యకు నీటిని పీల్చుకుని లావెక్కుతాయి, ఎండితే చిక్కిపోతాయి. దాని మీద నేరుగా సిమెంటు పోస్తే ఏడాదికోసారి కింద నుంచి ఎవరో పైకి ఎత్తి కిందికి దించుతున్నట్టే. అయిదంగుళాల కాంక్రీటు ఎంతకని తట్టుకుంటుంది? రేగడిలో పార్కింగు వేసుకునేవాళ్లు కనీసం అడుగున్నర లోతు ఆ మట్టి తీసేసి ఎర్ర గ్రావెలు నింపి దిమ్మిస కొట్టించుకోవాలి. తీయడం కుదరకపోతే పైపొరలో నూటికి మూడు నుంచి ఆరు పాళ్ల సున్నం కలిపి, తడిపి, తొక్కించాలి. సున్నం ఆ బంకమట్టి ఉబ్బే గుణాన్ని బాగా తగ్గిస్తుంది. రోడ్డు ఇంజనీర్లు ఎంతోకాలంగా నమ్మిన మందు ఇది.

వన్ టౌన్‌లో కథ ఇంకోలా ఉంటుంది. ఇంద్రకీలాద్రి కొండవాలున కొద్ది లోతులోనే రాయో గరుసో తగలొచ్చు. ఆ ఇళ్లవాళ్లు అదృష్టవంతులు. కాలువల వైపు దిగేకొద్దీ కృష్ణమ్మ మోసుకొచ్చిన ఒండ్రు. కానీ ఈ పాత వీధుల్లో అసలు చిక్కు ప్రకృతి పెట్టింది కాదు. పాత ఇల్లు పడగొట్టిన రబ్బీషుతో అదే జాగాలో మెరక పోస్తారు. అందులో పాత సున్నపు పెళ్లలు, ఇటుక ముక్కలు, పెంకులు, చెక్క పేళ్లు, ఒక్కోసారి చీరల మూటలు కూడా ఉంటాయి. పైన రెండంగుళాల ఇసుక చల్లేసరికి చూడ్డానికి చదునుగానే ఉంటుంది. చెక్క కుళ్లుతుంది, ఇటుకల మధ్య సందుల్లోకి నీళ్లతోపాటు ఇసుక జారుతుంది, పైన కాంక్రీటు గాల్లో నిలుస్తుంది. కారు ఎక్కిన రోజు విరుగుతుంది. పాత బావులు, పాత మరుగుదొడ్ల గుంటలు పూడ్చిన చోట్లు ఇంకా ప్రమాదం. మీ నాయనమ్మనో, పక్కింటి పెద్దాయననో అడగండి, ఏ మూల బావి ఉండేదో వాళ్లకు గుర్తుంటుంది.

కాబట్టి రబ్బీషు వాడినా అందులో చెక్క, గుడ్డ, ప్లాస్టిక్ ఏరిపారేయించాలి. అడుగు ఎత్తు ఒకేసారి పోసి పైపైన దిమ్మిస కొడితే కింద వదులుగానే ఉండిపోతుంది. ఆరంగుళాలకు మించకుండా పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరా తడిపి, ప్లేటు వైబ్రేటరుతోనో దిమ్మిసతోనో అణచాలి. నీళ్లు పోసి ఒక రాత్రి వదిలేయడం మంచి అలవాటు. పొద్దున్నే ఎక్కడెక్కడ కుంగిందో అదే చెబుతుంది. గునపం సులువుగా దిగిపోయే చోట ఇంకా పని మిగిలి ఉన్నట్టు. ఈ పని చూసేవాళ్లకు ఏమీ కనిపించదు, ఫొటో తీసుకోవడానికి పనికిరాదు. అయినా మొత్తం ఖర్చులో కూలికి ఇచ్చే రూపాయల్లో దీనికన్నా సార్థకమైనవి లేవని నేను నమ్ముతాను.

ఇక నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే వారం ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి వెళ్లింది. అంతటి వరదను ఇంటి ముందు వాటంతో ఎవరూ ఆపలేరు. కానీ నేల నానితే ఏమవుతుందో ఆ రోజులు చూపించాయి. గట్టిగా ఉన్న గ్రావెలు, నీళ్లు నిండగానే బరువు మోసే బలంలో ఎక్కువ భాగం పోగొట్టుకుంటుంది. దాని మీద బండి ఎక్కితే పైపొర విరగక తప్పదు. మామూలు వానాకాలంలో అదే పని చిన్న మోతాదులో, గేటు పక్కన నిలిచే చిన్న మడుగు చేస్తుంది.

మందు వాటమే. పది అడుగులకు రెండున్నర అంగుళాలు వాలితే నీరు తనంతట తానే పోతుంది. నునుపైన కాంక్రీటుకు ఒకటిన్నర అంగుళం దాకా తగ్గించుకోవచ్చు, అంతకన్నా తగ్గితే చిన్న పల్లాల్లో నీళ్లు నిలుస్తాయి. ట్యూబ్ లెవలు పట్టి నాలుగు మూలలా గోడ మీద సుద్దగీతలు పెట్టించుకుని, దారం లాగి, మీ కళ్లతో చూసుకున్నాకే పోత మొదలుపెట్టించండి. పోసిన తర్వాత వాటం సరిచేయడానికి పైన అంగుళం మాలు పూస్తామంటారు, ఆ పూత పెచ్చులుగా ఊడిపోవడం తప్ప నిలవదు. వాటం ఇంటి గోడ వైపు ఉండకూడదని చెప్పనక్కరలేదనుకుంటాం, కానీ వీధి కన్నా ఇల్లు పల్లంలో పడ్డ చోట చాలామంది చేస్తున్నది అదే. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ఇప్పుడు కాంక్రీటు. 1891లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, బెల్‌ఫౌంటెన్ అనే చిన్న ఊళ్లో జార్జ్ బార్తలోమ్యూ అనే ఆయన ఎనిమిది అడుగుల వెడల్పున కాంక్రీటు పట్టీ ఒకటి వేశాడు. ఆ దేశంలో కాంక్రీటు వీధులకు అదే మొదలు. అది వేసింది గుర్రాలు కట్టేసే చోట. గుర్రాలు నిలబడి డెక్కలతో తవ్వి బురద చేసేవి కాబట్టి అక్కడ గట్టి నేల కావాల్సి వచ్చింది. రెండేళ్ల తర్వాత అదే ఊళ్లో కోర్ట్ అవెన్యూ అనే వీధంతా కాంక్రీటు చేశారు, అది ఇప్పటికీ ఉంది. మన్నుతుందో లేదోనని ఊరివాళ్లు ఆయన చేత అయిదేళ్ల హామీకి అయిదు వేల డాలర్ల పూచీ రాయించుకున్నారు. నిలబడే బరువుకు కాంక్రీటే తగినదన్న సంగతి అంత పాతది.

మన 240 చదరపు అడుగుల జాగాకు అయిదంగుళాల మందం వేస్తే సరిగ్గా నూరు ఘనపుటడుగుల కాంక్రీటు. మామూలు కారుకు నాలుగంగుళాలు చాలు. మెరక పోసిన నేల, అప్పుడప్పుడు వాటర్ ట్యాంకరో టాటా ఏసో ఎక్కే జాగా అయితే అయిదు వేసుకోవడం మేలు. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ల ఎం 20 మిశ్రమానికి దాదాపు 23 బస్తాల సిమెంటు, 42 ఘనపుటడుగుల ఇసుక, 84 ఘనపుటడుగుల 20 ఎం.ఎం. కంకర పడతాయి. రెడీమిక్స్ లారీ ఈ సందుల్లోకి రాదు, వచ్చినా దాని కడుపులో సగం కూడా మనకు అక్కర్లేదు. కాబట్టి మిల్లరు పెట్టి అక్కడే కలపడమే దారి. తట్టల లెక్కన కాకుండా కొలత పెట్టెతో పోయించండి. ఒక్కో తట్ట ఒక్కోలా నిండుతుంది, సాయంత్రమయ్యేకొద్దీ కంకర తట్ట బరువు తగ్గుతుంది.

నీళ్ల దగ్గరే అసలు నష్టం జరుగుతుంది. బస్తా సిమెంటుకు 25 లీటర్ల నీళ్లు చాలు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. మిల్లరు దగ్గర కూర్చున్నతను పైపు వేలితో నొక్కి కంటి అంచనాతో పోస్తుంటాడు. మాలు పలచగా ఉంటే పారతో సర్దడం తేలిక, వాళ్ల వీపుకు కాస్త సుఖం. ‘నీళ్లు తగ్గితే చెయ్యి ఆడదు అమ్మగారూ’ అంటాడు మేస్త్రి. ఆయన మాటా నిజమే. కానీ బస్తాకు అయిదు లీటర్లు ఎక్కువ పడితే బలంలో దాదాపు అయిదో వంతు పోతుంది. ఎక్కువైన నీరు ఆవిరై పోయిన చోటల్లా సన్నటి బెజ్జం మిగులుతుంది మరి. ‘మేస్త్రి గారూ, వైబ్రేటరు అద్దె నేనిస్తాను, నీళ్లు మాత్రం కొలిచే పోయండి’ అని చెప్పి చూడండి. మిషను కదిలిస్తే గట్టి మాలు కూడా చక్కగా సర్దుకుంటుంది, ఎవరి నడుమూ విరగదు. వాళ్లకు మధ్యాహ్నం మజ్జిగ ఇప్పించండి, పని ఇంకా బాగుంటుంది.

పైన పొడి సిమెంటు చల్లి అద్దంలా నునుపు చేయమని అడక్కండి. ఆ పొర ఆరు నెలల్లో పొడి పొడిగా లేస్తుంది, వానలో స్కూటరు జారుతుంది. కాస్త బిగిసే వేళకు గట్టి చీపురుతో వాటానికి అడ్డంగా గీతలు లాగితే చాలు. చక్రానికి పట్టూ ఉంటుంది, పనీ చవక.

పగుళ్ల గురించి ఒక మాట. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుంటుంది కాబట్టి ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. అది ఎక్కడ పగలాలో మనమే నిర్ణయించి గాడి పెట్టడమే పద్ధతి. అయిదంగుళాల మందానికి పది పన్నెండు అడుగులకొక గాడి చొప్పున, మందంలో మూడో వంతు లోతున ఉండాలి. కట్టరుతో కోస్తే పోసిన మర్నాడు పొద్దున్నకే కోసేయాలి, వేసవిలో అదే రాత్రి. మూడోనాటికి కోస్తామంటే అప్పటికి అది తనకు తోచిన చోట పగిలి ఉంటుంది. ఇనుప జాలీ వేస్తే పగుళ్లు రావనుకోవడం పొరపాటు, వచ్చిన పగులు వెడల్పు కాకుండా పట్టి ఉంచడమే దాని పని. నేల మీద పరిచి పైన మాలు పోస్తే ఆ పని కూడా చేయదు. కవరింగ్ బిళ్లల మీద ఎత్తి, మందంలో పైసగంలో ఉండేలా చూడాలి.

పోసిన తర్వాత రోజులే కాంక్రీటు ఆయుష్షును తేలుస్తాయి. సిమెంటు గట్టిపడేది ఎండిపోవడం వల్ల అనుకుంటారు చాలామంది. నిజానికి అది నీటితో కలిసి రాయిగా మారుతుంది, తడి ఉన్నంతకాలమే ఆ మార్పు సాగుతుంది. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు పది రోజులు తడి ఆరకూడదన్నది భారత ప్రమాణం. ఎండలు ముదిరితే పీపీసీకి పద్నాలుగు రోజులు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ లాంటి చోట్ల వచ్చే బూడిద కలిసే ఆ పీపీసీయే ఇప్పుడు ఎక్కువమంది కొంటున్నది. అది మంచి సిమెంటే, నిలకడ మీద గట్టిపడుతుంది, అందుకే దానికి తడి ఎక్కువ రోజులు కావాలి. పొద్దునా సాయంత్రం పైపుతో చల్లడం సరిపోదు, మధ్యాహ్నం రెండింటికి ఎండిపోయి ఉంటుంది. చుట్టూ మట్టితో గట్లు వేసి మళ్లు కట్టి నీళ్లు నిలపండి, వాటం వల్ల నిలవకపోతే గోనెలు పరిచి తడుపుతూ ఉండండి. నడక మర్నాటి నుంచి పరవాలేదు. కారు మాత్రం రెండు వారాలు వీధిలోనే ఉండనివ్వండి. సరుకు లారీ ఎక్కేది 28 రోజుల తర్వాతే.

వడగాలి వీచే రోజుల్లో మధ్యాహ్నం పోత పెట్టుకోకండి. లోపలి నీరు పైకి వచ్చేలోపే గాలి పైపొరను ఆరబెట్టేస్తుంది, గంట తిరక్కుండానే సన్నటి గీతలు లేస్తాయి. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కేసరికి ముగించడం, ముందు రోజే కంకర కుప్ప తడిపి ఉంచడం, కింద నేలను తడి చేసి పల్చటి ప్లాస్టిక్ షీటు పరవడం... ఇవి ఖర్చు లేని జాగ్రత్తలు.

ఇంతా చెప్పాక, వన్ టౌన్ ఇంటి ముందు జాగాకు నేనైతే పేవర్ బ్లాకులకే మొగ్గుతాను. మీ వాకిలి కింద నుంచి కుళాయి పైపు, డ్రైనేజీ పైపు, ఒక్కోసారి కరెంటు తీగ వెళ్తుంటాయి. ఏది చెడినా కాంక్రీటు పగలగొట్టాలి, తర్వాత వేసే అతుకు అతుకుగానే ఉండిపోతుంది. బ్లాకులైతే నాలుగు వరసలు లేపి, పని చూసుకుని, మళ్లీ అవే పేర్చుకోవచ్చు. కార్లకు 60 ఎం.ఎం. మందం, వ్యానులు తిరిగే చోట 80 ఎం.ఎం. ఉండాలి. కాలిబాటకు అమ్మే పల్చటి బిళ్లలు చవకని తెచ్చి కారు కింద వేయొద్దు. అణచిన గ్రావెలు మీద అంగుళం ఇసుక పరిచి పేర్చి, సందుల్లో సన్న ఇసుక ఊడ్చి నింపాలి. అంచుల్లో కర్బు రాళ్లు గట్టిగా పాతకపోతే వరసలు పక్కకు జరిగిపోతాయి. కొందరు వీటిని సిమెంటు మాలులో బిగించేస్తున్నారు, అప్పుడు లేపుకునే వీలూ పోతుంది, నీరు ఇంకే సందూ పోతుంది.

నీరు ఇంకడం చిన్న విషయం కాదు. విజయవాడలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన 240 చదరపు అడుగుల వాకిలి మీదే అది 22 వేల లీటర్లు. ఇంటింటా వాకిలి కాంక్రీటై, వీధంతా సీసీ రోడ్డై, ఆ నీళ్లన్నీ ఒకే గంటలో మురుగుకాలువలోకి పరుగెడితే కాలువ పొంగక ఏమవుతుంది? ఇంకుడు గుంతలు తవ్వమని వాల్టా చట్టం 2002 నుంచీ చెబుతూనే ఉంది. కారు చక్రాలు తిరిగే రెండు పట్టీలకే కాంక్రీటు వేసి నడుమ మట్టి వదిలేసినా, గేటు పక్కన చిన్న ఇంకుడు గుంతలోకి వాటం పెట్టుకున్నా మీ బోరుకే మేలు. ఒక వేపమొక్కకు చోటు మిగిలితే మీ కారుకు నీడ కూడా.

చివర్లో చెబుతానన్న సంగతి. మన వీధుల్లో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తారు. ఒక్కో విడతకు నాలుగు నుంచి ఆరంగుళాలు. మూడు విడతలకు అడుగో, అంతకు మించో అవుతుంది. ఒకప్పుడు రెండు మెట్లెక్కి లోపలికి వెళ్లిన ఇళ్లు ఇప్పుడు మెట్టు దిగి వెళ్లే ఇళ్లయ్యాయి. మీరు ఎంత జాగ్రత్తగా వాటం పెట్టుకున్నా వీధి మీకన్నా ఎత్తయిన రోజున అదంతా వృథా, వీధి నీళ్లే మీ వాకిట్లోకి వస్తాయి. అప్పుడు మీరూ వాకిలి ఎత్తు పెంచుతారు, పక్కవాళ్లు పల్లంలో పడతారు. గేటు నుంచి వీధిలోకి ర్యాంపు దింపి దాని కింద కాలువను పూర్తిగా మూసేసేవాళ్లు కూడా ఇందులో భాగస్తులే. ర్యాంపు మీ హద్దులోనే ఉండాలి, కాలువ మీద వేసే పలక లేపి పూడిక తీయడానికి వీలుగా ఉండాలి. తమిళనాడులో 2021లో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఇరై అన్బు, పాత పొరను గీకి తీసేశాకే కొత్తది వేయాలని, రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్లలోకి నీళ్లు రాకూడదని అధికారులను ఆదేశించారు. కష్టమైన పని కాదు, యంత్రాలు ఉన్నాయి. తారు రోడ్డును గీకే మిల్లింగ్ మిషను హైవేల మీద మామూలుగా వాడేదే. సీసీ రోడ్డు పగలగొట్టడానికి ఖర్చు కాస్త ఎక్కువ, కానీ వీధిలో ముప్పై ఇళ్లవాళ్లు గడపలు ఎత్తుకునే ఖర్చు ముందు అది ఏపాటిది?

కాబట్టి మీ సందుకు కొత్త రోడ్డు మంజూరైందని తెలిసిన రోజునే నలుగురూ కలిసి వార్డు సచివాలయానికి వెళ్లండి. పాతది తీసి వేస్తారా, దాని మీదే వేస్తారా అని అడగండి. కొత్త రోడ్డు మట్టం మీ గడప కన్నా ఎంత కిందకు ఉంటుందో గోడ మీద గీత పెట్టి చూపించమనండి. పని మొదలయ్యాక అడిగితే లాభం లేదు. మీ వాకిలి పని ఆ గీత చూసుకున్నాకే మొదలుపెట్టండి.